నలుగురేమనుకొందురో?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు జంటగా చెప్పిన రెండు కష్టములలో మొదటిది ఇటుకతోను సున్నముతోను తీరిపోవునది. రెండవది మనుష్యులతో కూడినది గావున అంత సులభముగా తీరునది కాదు. వివాహకర్మకు శాస్త్రము కోరెడు సంభారములను ఒక్కొక్కటిగా లెక్కించి చూచితిమేని, రెండు పుస్తెలకు చాలినంత బంగారము, మధుపర్కములు, పసుపు కుంకుమలు, జీలకర్ర బెల్లము, తలంబ్రాలకు బియ్యము, హోమమునకు నేయి, పురోహితునికి సంభావన అని ఆ జాబితా యొక చిన్న కాగితమున ముగిసిపోవును. మధ్యతరగతి గృహస్థుని నడుము విరుగగొట్టునంతటి పద్దు అందులో కానరాదు. నడుము విరుగగొట్టు పద్దులన్నియు రెండవ కాగితముపై నుండును: పదునాలుగు కూరలు, పూల మండపము, విద్యుద్దీపముల తోరణములు, వేయిమంది పట్టు ఫంక్షన్ హాలు, నెత్తిపై తిరుగు డ్రోను కెమెరా. ఈ రెండవ కాగితమును వ్రాయించునది ప్రధానముగా ఒక్క భయము. "నలుగురూ ఏమనుకుంటారో" అన్నదే ఆ భయము.

ఆ నలుగురెవరని విచారించితిమేని వారెక్కడనో లేరు. శుభలేఖ నందుకొని, పట్టుబట్టలు కట్టుకొని, పందిటిలో ముందువరుస కుర్చీలకై వెదకుకొను మనమే ఆ నలుగురము. మన కుమార్తె పెండ్లినాడు ఎవరి నాలుకకు జడిసి అప్పు చేయుదుమో, ఇతరుల కుమార్తె పెండ్లినాడు ఆ నాలుక మన నోటనే యుండును. కావున పెండ్లికి పోవువాని మర్యాదను గూర్చి మాటలాడుట యన్నచో చేతులు కడుగుకొనుటను గూర్చియు వరుసలో నిలుచుటను గూర్చియు మాత్రమే మాటలాడుట కాదు. ఒక కుటుంబము యొక్క భయమును పెంచుటయో తగ్గించుటయో మన వశమున నున్నదని యెరిగి మెలగుట యెట్లో చెప్పుకొనుట. ఈ అధ్యాయములోని నియమములన్నియు ఈ యొక్క మూలమునుండి పుట్టినవే.

సాక్షిగా పోవుట

అసలు వివాహమునకు ఇతరులను పిలుచుట యెందులకు? ఇద్దరు కలసి బ్రతుకుట వారి సొంత విషయమే యైనను, వారు దంపతులని లోకము ఒప్పుకొనవలెనన్నచో లోకము అచ్చట నుండవలెను. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము వధూవరులతో పాటు మువ్వురు సాక్షులు వివాహాధికారి యెదుట సంతకము చేయవలెనని విధించినది. 1955 నాటి హిందూ వివాహచట్టము సప్తపది ఆచారముగా గల వివాహములందు అగ్ని సమక్షమున ఏడవ యడుగు పడినపుడు వివాహము పరిపూర్ణమగునని చెప్పినది. ఈ రెండు చట్టములలోను విందు ప్రసక్తి లేదు. 2024లో సర్వోన్నత న్యాయస్థానము సైతము హిందూ వివాహము ఆటపాటలకును విందులకును ఏర్పడిన వేడుక కాదనియు, కట్నములు కానుకలు వసూలు చేసికొను సందర్భము కాదనియు హెచ్చరించవలసి వచ్చినది. కార్యాలయమున మువ్వురు కలముతో చేయు పనిని పందిటిలో మున్నూరు మంది అక్షతలతో చేయుదురు. మనలను పిలిచినది ప్రధానముగా ఈ పనికే.

ఈ సాక్షిత్వమునకు ఎంత వెల కలదో తెలియవలెనన్నచో 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆనాడు రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ పెండ్లికి పోయిన అతిథికి విందు సంగతి యటుండగా వెలి భయము వెంటనంటి యుండెను. ఆ గడప తొక్కినవాని యింట రేపు శుభకార్యమునకు గాని అశుభకార్యమునకు గాని ఎవరును రారని ఊరిపెద్దలు బెదరించుచుండిరి. అయినను తెగించి పోయిన కొందరు ఉండిరి. వారు తెచ్చిన కానుక యేమో, వారు తిన్న భోజనమెట్టిదో ఎవరికిని పట్టదు. వారు అచ్చట కూర్చుండుటయే ఆ దంపతులకు దక్కిన మహోపకారము. నేడును కులాంతర వివాహములు, పునర్వివాహములు, పెద్దలలో ఒకరు అలిగి రాని వివాహములు జరుగుచునే యున్నవి. ఒకే ముహూర్తమునకు రెండు శుభలేఖలు వచ్చినపుడు ఏది కలవారి పెండ్లి, ఏది లేనివారి పెండ్లి అని చూడక, ఏ పందిటిలో మన కుర్చీ ఖాళీగా నున్నచో ఎక్కువ లోటుగా కనబడునో ఆ పందిటికి పోవుడు. అతిథిధర్మమునకు ఇది మొదటి నియమము.

పిలుపును పుచ్చుకొనుట

మన దేశమున అతిథి యొక్క అలుక పెండ్లినాడు పుట్టదు. నెల ముందుగా శుభలేఖతోనే పుట్టును. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు, ఫోనులో చెప్పి ఊరుకున్నారు" అనియు, "మా ఆయన పేరు వ్రాయడం మరిచిపోయారు" అనియు, "వాళ్ళకు ముందిచ్చి మాకు తరువాత ఇచ్చారు" అనియు వెలువడు ఫిర్యాదులకు అంతములేదు. మూడువందల గడపలు ఎక్కి దిగవలసిన గృహస్థుడు ఒక గడప మరచుట మానవసహజము. ఆ మరపును అవమానముగా ఎంచి, అతని చేత ఇంకొకసారి మన మెట్లు ఎక్కించి, క్షమాపణ చెప్పించి, అటుపిమ్మట దయతలచి విచ్చేయుట మాత్రము మానవసహజమని సరిపెట్టుకొనదగినది కాదు. ఆత్మీయుడైనచో ఫోనుపిలుపే చాలును. ఆత్మీయుడు కానిచో గడపకు వచ్చి పిలిచినంత మాత్రమున కలిసివచ్చునది లేదు.

"బంధుమిత్ర సపరివార సమేతముగా" అని శుభలేఖలో అచ్చుపడిన మాట సౌజన్యమునకు వ్రాసినది. దానిని హక్కుపత్రముగా భావించి, తమ యింట అద్దెకున్నవారిని, వారి యింటికి వచ్చిన చుట్టములను వెంటబెట్టుకొని పోవు ఉదారులు కలరు. పెండ్లికి వెళ్ళుచు పిల్లిని చంకన బెట్టుకొనిపోయినట్లు అను సామెత వీరిని చూచియే పుట్టియుండును. వచ్చుచున్నది ఎందరో, రానిది ఎందరో నాలుగు దినములు ముందుగా ఒక్క మాట చెప్పుట అతిథి విధి. వంటమేస్త్రి బియ్యము కొలుచునది ఆ లెక్కను బట్టియే. చెప్పక మానివేసిన పదిమంది వలన పది విస్తళ్ళ అన్నము నేలపాలు కాగా, చెప్పక తోడుతెచ్చిన పదిమంది వలన ఆడపెండ్లివారి సొంత బిడ్డలు చిట్టచివరి బంతిలో చారన్నముతో సరిపెట్టుకొందురు.

విడిదింట

తెల్లవారుజామున అయిదు గంటల వేళ విడిదింట జరుగుదానిని కొంచెము దగ్గరగా చూతము. వధువు పినతండ్రి పెద్ద ఫ్లాస్కును చంకన ఇరికించుకొని, చేత గ్లాసుల పళ్ళెముతో గుమ్మమున నిలిచియుండును. రాత్రి రెండు గంటల దాక మండపమునకు పూలు కట్టించి, నాలుగింటికి తిరిగి లేచినవాడు; కన్నులు ఎర్రనై యున్నవి, కండువా భుజముపై నిలుచుట లేదు. "కాఫీ పుచ్చుకోండి బావగారూ" అని మొదటి గ్లాసును వరుని మేనమామ కందించును. ఆ పెద్దమనుష్యుడు ఒక గుక్క చప్పరించి, గ్లాసు క్రిందబెట్టి, గోడతో చెప్పుచున్నవానివలె "మా ఇంట్లో పనివాళ్ళకి కూడా ఇంతకంటే వేడిగానే ఇస్తాం" అనును. ఆ మాట పక్కనున్న పదిమంది నవ్వుటకు సరిపోవును. పినతండ్రి ముప్పది యేండ్లు మరువకుండుటకును సరిపోవును. వియ్యపువారి నడుమ దీర్ఘకాలము నిలిచిపోవు వైమనస్యములకు మూలము వెదకినచో పెక్కుసారులు ఇట్టి చల్లారిన గ్లాసే దొరకును.

మగపెండ్లివారి పక్షమున పోవు అతిథి ఈ సందర్భమున ద్విగుణముగా జాగరూకుడై యుండవలెను. ఏలయనగా అతడు పరాకుగా అన్నమాట సైతము ఆడపెండ్లివారి చెవికి ఆజ్ఞవలె వినబడును. వృద్ధులకు వేడినీరు గాని, మధుమేహము కలవారికి చక్కెర లేని కాఫీ గాని, పసిబిడ్డకు పాలు గాని నిజముగా కావలసివచ్చినపుడు విడిది బాధ్యత వహించిన యొక్కరిని పక్కకు పిలిచి మెల్లగా అడుగుట న్యాయమే. పదిమందిలో ప్రకటించుటయు, దానికొరకు కన్యాదాతనే పిలిపించుటయు తగదు. చల్లారిన కాఫీని త్రాగి గ్లాసు తిరిగి యిచ్చుచు "మీరు తాగారా అసలు?" అని అడిగిన అతిథిని ఆ యింటివారు ఎంతకాలమైనను తలచుకొందురు.

ముహూర్తవేళ

ఉదయము పదిగంటల ముహూర్తము. తెరసెల్లాకు అటు వరుడు, ఇటు వధువు. ఇద్దరి చేతులలో జీలకర్ర బెల్లపు ముద్దలు. పురోహితుడు చేయి యెత్తి గట్టిమేళమనగానే డోలును సన్నాయియు ఒక్క పెట్టున హోరెత్తును, తెర తొలగును, ఒకరి శిరస్సుపై నొకరు చేయి నుంతురు. ఇంతయు అరనిమిషమున జరిగిపోవు దృశ్యము. దీనికొరకే ముందువరుసలో కుర్చీ వేయించుకొని రెండు గంటలనుండి కదలక కూర్చున్న వధువు అమ్మమ్మకు ఆ యరనిమిషమున కనబడినవి ఇరువది వీపులును, వానిపై నెత్తిపట్టిన ఇరువది సెల్ ఫోనులును మాత్రమే. డాలస్ నగరమున అర్ధరాత్రి మేలుకొని, ప్రత్యక్షప్రసారముపై ఆశపెట్టుకొని కూర్చున్న మేనత్తకును ఆ వీపులే కనబడినవి. అద్దెకు తెచ్చిన ఛాయాగ్రాహకుడు తీయనున్న చిత్రమును మనము తీయబోయి, అతనికిని పెద్దలకును అడ్డుపడి, వణకిన చిత్రము నొకదానిని సంపాదించి, మరునాటికి దానిని మరచిపోవుదుము. ముహూర్తవేళ ఫోను జేబులో నుండవలెను, అక్షతలు చేత నుండవలెను. ఆ యక్షతలను కూడ ఇరువదవ వరుసనుండి విసరి ముందువారి నెత్తిపై పోయక, వీలున్నచో దగ్గరకు పోయి వేయుట, లేనిచో వరుస వరుసగా ముందుకు చేర్చుట మర్యాద.

కొందరు అతిథులు ముహూర్తమును పురోహితునికి వదలివేసి, సాయంకాలపు రిసెప్షనునకు మాత్రము విచ్చేసి, వేదికపై వరుసలో నిలిచి, చిత్రమునకు ముఖము చూపి, భోజనశాలకు దారితీయుదురు. ఉద్యోగబాధ్యతల వలన అది తప్పనివారిని ఏమియు అనరాదు. రెండింటిలో నొకటి ఎంచుకొను వీలున్నవారు మాత్రము ముహూర్తమునే ఎంచుకొనవలెను. రాత్రి రెండు గంటల ముహూర్తమునకు మేలుకొని కూర్చున్న ఇరువది మందిని గృహస్థుడు పేరుపేరున గుర్తుంచుకొనును. అట్లు కూర్చున్నవారు మంత్రములు చదువుచుండగా భూముల ధరలను గూర్చి బిగ్గరగా ముచ్చటించుట, సన్నాయి వాయించువానిని ఏదో సినిమా పాటకై వేధించుట, పిల్లలను హోమగుండము చుట్టు పరుగెత్తనిచ్చుట కూడదు.

విస్తరి ముందు

భోజనశాలయందు మనుష్యుని సంస్కారము దాగదు. తినుచున్నవాని కుర్చీ వెనుక మరియొకడు కుర్చీ వీపు పట్టుకొని నిలుచుండును. ఇతడు పెరుగు కలుపుకొనుచుండగా అతని చూపు విస్తరిమీదనే యుండును. ఇతడు లేవకమునుపే కుర్చీపై చేతిరుమాలు వేసి హక్కు స్థాపించును. ఈ దృశ్యము లేని పెండ్లి మన రెండు తెలుగు రాష్ట్రములందును అరుదు. తరువాతి బంతి వచ్చువరకు పందిటిలో కూర్చుండుటకు ఓపికలేని మనము రెండు గంటలు హోమము చూచితిమని చెప్పుకొనుట విడ్డూరము. వృద్ధులకును పసిబిడ్డల తల్లులకును మొదటి బంతి విడుచుట, మన విస్తరిలో పని ముగిసినను పక్కనున్న పెద్దలు ముగించువరకు లేవకుండుట, బఫే పద్ధతి యైనచో వరుసలో జొరబడకుండుట అనునవి చెప్పవలసిన పని లేని మాటలు. కాని చెప్పవలసియే వచ్చుచున్నవి.

వృథా సంగతి వేరు. అక్కరలేనిదానిని వడ్డించువాని చేయి కదలకమునుపే విస్తరిపై చేయి అడ్డుపెట్టి "వద్దు నాయనా" అన్నచో ఎవరును నొచ్చుకొనరు. బూరె కొరికి విడుచుట, పులిహోర ముట్టి విడుచుట, మూడు మిఠాయిలు వేయించుకొని ఒక్కటియు ముగింపకుండుట మాత్రము వండినవాని శ్రమకును, అప్పు చేసిన తండ్రికిని చేయు అపచారము. ఇచ్చట మన మూలసూత్రము మరల కనబడును. "ఫలానా వారింట్లో ముప్పై రకాలు పెట్టారు, వీళ్ళు పన్నెండుతో సరిపెట్టారు" అని చేతులు కడుగుకొనుచు మనము అన్న మాట, పంపు దగ్గర నిలిచియున్న మరియొక ఆడపిల్ల తండ్రి చెవిన బడును. అతడు ఆ రాత్రియే తన జాబితాను ముప్పది యొకటికి పెంచును. పన్నెండు వంటకముల విందు తిని "పప్పు ఎంత కమ్మగా ఉందండీ! హాయిగా, లక్షణంగా చేశారు" అని ఆ పంపు దగ్గరనే నలుగురు వినునట్లు చెప్పిన అతిథి ఎవరెవరి యింట ఎంతెంత అప్పు తప్పించెనో లెక్క కట్టలేము.

వడ్డించువారును, వంటవారును, విస్తళ్ళు తీయువారును, భజంత్రీలును మనుష్యులే. వారిని చిటికె వేసి పిలువక "అయ్యా", "అమ్మా" అని పిలిచినంతమాత్రమున మన పట్టుపంచె నలగదు.

చదివింపులును, కట్నపు ముచ్చటలును

చదివింపులు ఒకప్పుడు పరస్పర సాహాయ్యమునకు ఏర్పడిన మంచి యాచారము. నూటపదహార్లని బిగ్గరగా చదివి, పుస్తకమున వ్రాసికొని, ఆ యింటి శుభకార్యము వచ్చినపుడు తిరిగి చదివించుట వలన వడ్డీలేని ఋణము ఊరంతటి చేతిమీదుగా తిరుగుచుండెను. నేడు దానిని హోదాకు కొలబద్దగా చేసికొనక, శక్తికి తగినంత కవరులో పెట్టి, పేరు వ్రాసి, దంపతుల చేతికో గృహస్థుని చేతికో ఇచ్చి ఊరకుండుట మేలు. ఇచ్చునది లేనివారు అక్షతలు వేసి వచ్చుటకు సిగ్గుపడ నక్కరలేదు. పుచ్చుకొనువారి పుస్తకము తెరచి ఎవరెంత చదివించిరో చూచుట మాత్రము సిగ్గుపడదగిన పని.

ఇంతకంటె తీవ్రమైనది మరియొక ముచ్చట. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమని 1961లోనే చట్టము వచ్చినది. వధూవరులకు వచ్చిన కానుకలకు జాబితాలు వ్రాసి ఉంచవలెనని 1985లో నియమములు వచ్చినవి. చట్టమునకు సుమారు నలువది యేండ్లు ముందే కాళ్ళకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" ఊరూర ప్రేక్షకులను కంటతడి పెట్టించినది. అయినను పందిటిలో కూర్చున్న మనము పక్కవాని చెవిలో మొట్టమొదట గుసగుసలాడు ప్రశ్న "ఎంతిచ్చారట?" అన్నదే. కోటియని విన్నచో కన్నులు పెద్దవి చేయుదుము, ఏమియు పుచ్చుకొనలేదని విన్నచో "పిల్లవాడిలో ఏదైనా లోపమా?" అని సందేహింతుము. కట్నమునకు వెల నిర్ణయించు సంత ఇదియే. దానికి తూనికరాళ్ళు మన మాటలు. అట్టి ప్రశ్న వినబడినపుడు "మనకెందుకండీ" అని ముఖము త్రిప్పుకొనువాడు, కట్నము పుచ్చుకొనని వరుని తండ్రిని అందరియెదుట అభినందించువాడు చట్టము చేయలేని పనిని కొంత చేసినవాడగును.

పలుకరింపులు

పెండ్లిలో చిరకాలమునకు కలిసిన బంధువులను పలుకరించుట సంతోషమే. కాని ముప్పది దాటిన అవివాహితను "నీ పప్పన్నం ఎప్పుడమ్మా?" అని నలుగురిలో అడుగుట, నిరుడు పెండ్లియైన దానిని "ఏమైనా విశేషమా?" అని నవ్వుచు నిలదీయుట, వధువు రంగును గూర్చి ఆమె అక్కసెల్లెండ్రు వినునట్లు వ్యాఖ్యానించుట పలుకరింపు కాదు, హింస. "మా వైపు ఇలా ఉండదు" అని ఇతర ప్రాంతముల యాచారములను వెక్కిరించుట మరియొక దుర్గుణము. ఒకరింట నాగవల్లి ఘనముగా జరుగును, ఒకరింట ఒడిబియ్యమునకు ప్రాధాన్యము, ఒకరింట స్నాతకము, ఒకరింట చర్చిలో ప్రార్థన, ఒకరింట నిఖా. తెలియనిదానిని అడిగి తెలిసికొని ఆనందించువానికి ప్రతి వివాహమును విద్యాలయమే.

భర్త పోయిన స్త్రీ కన్నబిడ్డ పెండ్లిలోనే వెనుకవరుస స్తంభము చాటున నిలుచుండు దుఃస్థితి యింకను పూర్తిగా పోలేదు. ఆమెను అచ్చట నిలిపినది చాలవరకు అతిథులు పెదవి విరతురను శంకయే. అతిథులలో పెద్దవారొకరు లేచి "రండమ్మా, ముందు మీరు అక్షతలు వేయండి" అని పిలిచినచో తక్కినవారు మారుమాటాడరు. నూటనలువది యేండ్లకు పూర్వము రాజమహేంద్రవరములో కావలసివచ్చిన సాహసములో ఇది పదవవంతు కూడ కాదు.

తాంబూలము పుచ్చుకొన్న తరువాత

తాంబూలము పుచ్చుకొని బయలుదేరునపుడు గృహస్థుని వెదకి, ఒక్క వాక్యములో సంతోషము చెప్పి, అతనిని నిలువబెట్టి సుదీర్ఘముగా సంభాషింపక సెలవు తీసికొనవలెను. అప్పగింతల వేళ కన్నీరుమున్నీరైన కుటుంబమునకు కారు ఏర్పాటు చేయుమని ఆజ్ఞాపింపరాదు. దారిలో గాని, ఇంటికి చేరిన పిమ్మట గాని, పెండ్లిలోని లోపముల జాబితాను ఫోనుల ద్వారా ఊరూర పంచరాదు. పది మంచిమాటలు చెప్పుటకు దొరకని పెండ్లి యుండదు.

సాక్షి బాధ్యత ఇచ్చటితో ముగియలేదు. మనము అక్షతలు వేసినది ఒక దినపు వేడుకకు కాదు, ఒక సంసారమునకు. ఏడాది గడచిన పిమ్మట ఆ పిల్లను అత్తవారు ఇంకను తెమ్మని వేధించుచున్నారని తెలిసినచో, "వాళ్ళింటి గొడవ మనకెందుకు" అని తప్పుకొనక, వరుని తండ్రికి చనువుగల అతిథి పోయి, "ఆనాడు మీ పందిట్లో నేనూ ఉన్నాను, మీ కోడలిని ఆశీర్వదించాను, ఈ మాట విని ఊరుకోలేక వచ్చాను" అని ముఖాముఖి చెప్పవలెను. అటువంటివారు ఇద్దరు ముగ్గురు వచ్చి యడిగినచో ఆ తండ్రికిని "నలుగురేమనుకొందురో" అను భయము కలుగును. ఆడపిల్ల తండ్రి చేత ఇంతకాలము అప్పులు చేయించిన ఆ భయమే అప్పుడు ఆడపిల్లకు కావలి కాయును.